పెదనాన్న రెండు సీట్ల బండి

పొయ్యి మీద కుక్కర్ కూత వేయడానికి ముందు సన్నగా ఒక చప్పుడు వస్తుంది. సుయ్‌మని మొదలై, ఆవిరి బరువెక్కే కొద్దీ మందమవుతుంది. పొద్దున్నే కాలేజీకి బయలుదేరే తొందరలో కూర తరుగుతున్నా, జడ అల్లుకుంటున్నా, ఆ చప్పుడు వినగానే నా తల దానంతటదే ఒరిగి చెవి అటు తిరుగుతుంది. చేతిలో పని ఆగిపోతుంది. గాలి నిండుగా పోతోందా, ఎక్కడైనా తడబడుతోందా అని వింటూ ఉండిపోతాను. అన్నం ఉడకడానికి ఆ వినికిడితో పనిలేదు. ఇది నాకు పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. మా సింహాచలం పెదనాన్న పట్టుబట్టి నేర్పినది. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన మీద కోపం తగ్గలేదు, ఆయన నేర్పిన వినికిడీ పోలేదు. రెండూ ఒకే మనిషి నుంచి వచ్చినవి కాబట్టి ఒకదాన్ని ఉంచుకుని ఇంకోదాన్ని పారెయ్యడం నాకు ఇంతవరకు చేతకాలేదు.

పెదనాన్న మా నాన్నకు అన్న. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. పొట్టి మనిషి, మెడ లావు, గోళ్ల కింద నల్లటి గీత ఎప్పుడూ ఉండేది. పెళ్లిళ్లకు వెళ్లాల్సి వస్తే ముందురోజు నిమ్మచెక్కతో గోళ్లు రుద్దుకునేవాడు. మా తాతది పద్మనాభం దగ్గర పల్లె. అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన వరి మడి చాలక పట్నం వచ్చి, ఓడల ఏజెన్సీలో ఒక దొర దగ్గర డ్రైవరుగా చేరాడట. దొరను ఆఫీసుకు తీసుకెళ్లే పెద్ద కారు తాత నడిపేవాడు. ఆదివారం షికారుకు మాత్రం దొర తన రెండు సీట్ల బండిని తానే నడుపుకునేవాడు, తాత పక్కన కూర్చునేవాడు. దొర దేశం విడిచి వెళ్లిపోతూ, కొనేవాళ్లు దొరక్క, ఆ బండిని కాగితాలతో సహా తాతకు ఇచ్చేసి ఓడెక్కాడు. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, సైకిలుకున్నట్టు చువ్వల చక్రాలు, వెనక్కి మడిచిపెట్టే గుడ్డ కప్పు. పందేల కోసం పుట్టిన బండి. తాత దాన్ని రోజూ తుడిచేవాడు గానీ రోడ్డు మీదికి తీయడానికి జంకేవాడు. డ్రైవరు దొర బండిలో ఊరేగుతున్నాడని నలుగురూ నవ్వుతారని ఆయన భయం. తాత పోయాక పల్లెలోని మడి చెక్క మా నాన్నకు, బండి పెదనాన్నకు వచ్చాయి. నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. తక్కువ మాటల మనిషి. ఆ పంపకం గురించి ఆయన ఏనాడూ ఏమీ అనలేదు.

గాజువాకలో పెదనాన్న ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉండేది. మా ఇల్లు రెండు వీధుల అవతల. నాకు పదకొండేళ్లప్పుడు ఒక ఆదివారం పెద్దమ్మకు చేపలు ఇచ్చి రమ్మని అమ్మ పంపిస్తే వెళ్లాను. పెదనాన్న బండి ముక్కు తెరిచి, ఒంగుని, చెవిలో ఒక రబ్బరు గొట్టం పెట్టుకుని ఉన్నాడు. ఆ ఇంజనుకు గాలినీ పెట్రోలునూ కలిపి పంపే కార్బొరేటర్లు రెండు. రెండూ సమానంగా ఊపిరి తీస్తేనే బండి నున్నగా నడుస్తుంది. అదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఆయన ఊరికే, చేపల గిన్నె పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి, గొట్టం నా చెవికి అందించాడు.

“ఇనబడతందా?”

“ఆఁ.”

“ఏటంతంది?”

“సుయ్ అంతంది.”

గొట్టం రెండో చివర తీసి పక్క కార్బొరేటర్ దగ్గర పెట్టాడు. “ఇప్పుడు సెప్పు.”

“ఇది ఇంకా గట్టిగా అంతంది.”

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. ఒక మర కొంచెం తిప్పాడు, మళ్లీ వినమన్నాడు. అలా ఎన్నిసార్లో. చివరికి రెండు చప్పుళ్లూ ఒకటే అయ్యాయని నేనన్నప్పుడు, ఇంజను కూడా మాట మార్చింది. అంతవరకూ గొణిగినది కాస్తా కుదురుగా మోగసాగింది. పెదనాన్న వంటింటి వైపు తిరిగి, “ఒసే, ఈ గుంటకి సెవులున్నాయే,” అన్నాడు. ఆయన ఇద్దరు కొడుకులూ ఆ షెడ్డులో పది నిమిషాలు కూర్చునేవాళ్లు కాదు. పెద్దవాడు రవికి గ్రీజు వాసన పడేది కాదు. ఆ రోజు నుంచి ఆదివారాలు నావి.

ఆయన మంచి గురువు. ఈ మాట రాయడానికి ఇప్పుడు నాకు కష్టంగానే ఉంది గానీ, అబద్ధం రాయలేను. వైజాగ్ గాలిలో ఉప్పుంటుంది, పోర్టు వైపు గాలి తిరిగితే దానికి ఎర్రటి ఖనిజం దుమ్ము తోడవుతుంది. ఇనుము మీద ఆ రెండూ కలిసి కూర్చుంటే ఏం జరుగుతుందో ఆయన నాకు వేలితో చూపించేవాడు. రంగు కింద ఎక్కడ ఉబ్బిందో కళ్లు మూసుకుని తడిమి చెప్పాలి. పనిముట్టు ఎక్కడ పెట్టావో చూడకుండా చెయ్యి చాపితే దొరకాలి. మర బిగుసుకుపోతే బలం చూపించకూడదు, కిరసనాయిలు పోసి, ఆగి, మళ్లీ అడగాలి. ‘అడగాలి’ అన్నది ఆయన మాటే. “ఇనుముని అడగాలి మణీ, బలమంతం సేత్తే ఇరిగిపోతాది,” అనేవాడు. పదో తరగతి అయ్యాక నన్ను పాలిటెక్నిక్‌లో మెకానికల్‌కు పంపమని నాన్నతో వాదించినదీ ఆయనే. ఆడపిల్లకు లేతు మిషన్లెందుకని అమ్మ ఏడిస్తే, “దీని సేతులు సూసినావా నువ్వు? కుట్టు మిషను మీద పెడతావేటి ఈటిని?” అని కసిరాడు. మా బ్యాచిలో ఆడపిల్లలం ఇద్దరమే. ఆ బండికి విడిభాగాలు ఎక్కడా దొరికేవి కావు. నీళ్ల పంపు ఇరుసు అరిగిపోతే కాలేజీ లేతు మీద కొత్తది నేనే చేసి తెచ్చాను. ఆయన దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూసి, ఏమీ అనకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పుడది నాకు పెద్ద మెప్పు.

ఒక్కటి మాత్రం ఆయన ఇవ్వలేదు. బండి నడపనివ్వలేదు. షెడ్డులోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి షెడ్డులోకి, అంతే. గేటు దాటాలంటే ఆయన, లేదంటే రవి. స్టీలు ప్లాంటు రోడ్డు ఖాళీగా ఉండే రోజుల్లో ఒకసారి అడిగాను.

“ఓపాలి నన్ను నడపనీ పెదనాన్నా. పక్కన నువ్వే కూకో.”

“నువ్వు నడిపితే ఇంజను ఎలగుందో ఇనేదెవరు?” అన్నాడు. “నడిపేవోడికి ఏటీ ఇనబడదు. బయట నిలబడినోళ్లకే అన్నీ ఇనబడతాయి.”

నేను దాన్ని పెద్ద సత్యంగా తీసుకున్నాను. డైరీలో కూడా రాసుకున్నాను. బండి వీధి చివర మలుపు తిరిగేదాకా నిలబడి వినేదాన్ని. తిరిగొచ్చాక, “రెండో గేరులో కొంచెం ఏడుత్తంది,” అని చెప్పేదాన్ని. ఆయన తలూపేవాడు.

డిప్లమా అయిన ఏడు బీచ్‌రోడ్డులో పాత వాహనాల ప్రదర్శన పెట్టారు. రెండు నెలలు పనిచేశాం. బండిలో ఉన్నవి రెండే సీట్లు కాబట్టి ఒక దాంట్లో రవి, ఒక దాంట్లో పెదనాన్న. నేనూ పెద్దమ్మా పనిముట్ల సంచి పట్టుకుని సిటీ బస్సు ఎక్కాం. డాక్‌యార్డు దాటుతుండగా కిటికీలోంచి చూస్తే మా ఆకుపచ్చ బండి ముక్కు తెరుచుకుని రోడ్డు పక్కన ఆగి ఉంది. బస్సు ఆపించి దిగాం. ఎండకు పెట్రోలు గొట్టంలోనే మరిగిపోయి ఇంజను ఆగిపోయింది. పెద్దమ్మ తెచ్చుకున్న నీళ్లసీసాతో తువ్వాలు తడిపి గొట్టం చుట్టూ చుట్టాను. పది నిమిషాలాగి స్టార్ట్ చేయమన్నాను. అయింది. “బేగి రండి,” అని పెదనాన్న ఎక్కి కూర్చున్నాడు, రవి పోనిచ్చాడు. మేం ఇంకో బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం.

మేం చేరేసరికి బండి చుట్టూ జనం ఉన్నారు. తెల్లబట్టల్లో ఉన్న పెద్దమనిషి ఒకాయన, నేవీలో పనిచేసి రిటైరైనవాడిలా ఉన్నాడు, ఇంజను దగ్గర చెవి పెట్టి విని మెచ్చుకుని, “ఇంత బాగా ఎవరు కుదిర్చారండీ దీన్ని?” అని అడిగాడు.

“నానేనండి,” అన్నాడు పెదనాన్న. “ఇంకెవరున్నారు.”

నేను నాలుగడుగుల దూరంలో సంచి పట్టుకుని ఉన్నాను. మోచేతుల దాకా మసి. పెద్దమ్మ నా చేతుల వంక చూసింది. “ఎల్లి సేతులు కడుక్కో,” అంది, అంతే. నాకు ఆ రోజు కోపం రాలేదు. ఆడపిల్ల చేసిందంటే అంతమందిలో చిన్నతనమనుకున్నాడేమో అని నేనే ఆయన తరపున సర్ది చెప్పుకున్నాను. ఆయన తరపున సర్ది చెప్పుకోవడం అప్పటికే నాకు బాగా వచ్చు.

మరుసటి ఏడు పూణే దగ్గర ఒక కార్ల కంపెనీ వాళ్లు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలు పెట్టారు. నాన్న రైల్లో తీసుకెళ్లాడు. రాత పరీక్ష అయ్యాక మిగిలినవాళ్లను ఒక షెడ్డులోకి తీసుకెళ్లారు. స్టాండు మీద ఇంజను ఆడుతోంది. దానికున్న జబ్బేమిటో చెప్పమన్నారు. నేను ఒక రబ్బరు గొట్టం ఇప్పిస్తారా అని అడిగాను. కుర్రాళ్లు నవ్వారు. జుట్టు నెరిసిన ఇంజనీరు ఒకాయన మాత్రం నవ్వకుండా తెప్పించాడు. ఒక్కోచోటా పెట్టి విన్నాను. మూడో సిలిండరులో వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నాను. ఆయన తోటి ఆఫీసర్ల వైపు ఒకసారి చూసి నా వైపు తిరిగాడు.

“ఎవరు నేర్పారమ్మా ఇది?”

“మా పెదనాన్న అండి.”

ఉత్తరం రాస్తాం, తొందరైతే ఫోన్ చేస్తాం అన్నారు. మా ఇంట్లో ఫోను లేదు. అర్జీలో పెదనాన్న ఇంటి నంబరే ఇచ్చాను.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను ఎలా గడిపానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే జాలి వేస్తుంది. పోస్టుమాన్ వచ్చే వేళకు గుమ్మంలో ఉండేదాన్ని. సాయంత్రం ఏదో వంక పెట్టుకుని పెదనాన్న ఇంటికి వెళ్లేదాన్ని. “ఫోనేటైనా ఒచ్చిందా పెదనాన్నా?” “రానేదమ్మా.” రోజూ అదే అడగడం, రోజూ అదే జవాబు. నాలుగో నెలలో ఒక ఆదివారం ఆయనే నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “పెద్ద కంపెనీలోళ్లు ఆడపిల్లల్ని తీసుకోరు మణీ. పిలిసినట్టే పిలుత్తారు. మనసులో ఎట్టుకోకు,” అన్నాడు. నేను ఏడ్చాను. ఆయన చేయి నా తల మీద వేశాడు. తర్వాత లేచి, అంతవరకు ఎవరినీ ముట్టుకోనివ్వని గేరుబాక్సు దించి బల్ల మీద పెట్టి, “ఇది నువ్వే ఇప్పు. నాను సెయ్యెట్టను,” అన్నాడు. ఆ రోజంతా ఒక్కో పళ్లచక్రాన్నీ తీసి, కడిగి, వరసలో పేర్చాను. ఇంత ప్రేమించే మనిషి ఉండగా పూణే ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఏడే ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరుగా చేరాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఏటా కొత్త పిల్లలు వస్తారు, ఆకురాయి పట్టుకోవడం దగ్గర మొదలుపెడతాను, మూడేళ్లలో వాళ్లు వెళ్లిపోతారు.

తర్వాత నా పెళ్లయింది, నాన్న పోయాడు, పెదనాన్న రిటైరయ్యాడు. పోర్టు వర్క్‌షాపు మోతలో బతికినందుకు ఆయన చెవులు మెల్లగా మూసుకుపోయాయి. మొదట గొట్టంలోని చప్పుడు పోయింది, తర్వాత ఇంజనే వినబడకుండా పోయింది. అప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకుని, నా మొహం చూస్తూ అడిగేవాడు.

“ఏటంతంది?”

“బాగానే ఉన్నాది పెదనాన్నా.”

“నిజం సెప్పు.”

“కొంచెం దగ్గుతంది.”

అరిచి చెప్పాలి. ఆయనకు అర్థమయ్యేదాకా చేతులతో చూపించాలి. రవి విజయవాడలో స్థిరపడ్డాడు, రెండోవాడికి బండి ఊసే పట్టలేదు. నేను ఆదివారం రాకపోతే పెదనాన్న అన్నం సరిగ్గా తినడని పెద్దమ్మ కబురు పెట్టేది. మా అమ్మకు ఆపరేషనైన వారం కూడా వెళ్లాను. ఊపిరితిత్తులు చెడి ఆయన మంచానపడ్డాక ఒకరోజు బండి కాగితాలు తెప్పించుకుని, నా పేరుకు మార్చడానికి కావాల్సిన చోటల్లా సంతకాలు పెట్టాడు. “ఇది నీదే,” అన్నాడు. “ఎప్పుడూ నీదే.” ఆ సంతకాల మీద నా కన్నీళ్లు పడకుండా కాగితాలు పక్కకు జరపాల్సి వచ్చింది. ఆయన మరి మూడు వారాలే ఉన్నాడు.

కర్మకాండలన్నీ అయ్యాక, బండి సంగతి చూద్దామని ఒక ఆదివారం పొద్దున వెళ్లాను. పెద్దమ్మ వరండాలో చాప మీద చింతపండు పిక్కలు తీస్తోంది. నేనూ కూర్చుని ఒక గుప్పెడు ముందుకు లాక్కున్నాను. బండిని ఆటోనగర్ తీసుకెళ్లి పని చేయిస్తానని, మూడేళ్లుగా కదల్లేదు కదా అని చెబుతున్నాను. ఆమె వింటున్నట్టు లేదు.

“ఆ బండి నీకు ఊరికే ఇచ్చినాడనుకుంటన్నావా?” అంది.

“ఏటి పెద్దమ్మా?”

“ఫోనొచ్చింది మణీ.” పిక్క తీస్తూనే ఉంది, తలెత్తలేదు. “ఆ పూనా వోళ్ల కాడినుంచి. నీకు ఉజ్జోగం ఇచ్చినారంట. ఆడపిల్లలకి హాస్టలు నేదు, బయట గది తీసుకుంతాదా, ఎప్పుడు సేరతాదని అడిగినారు. ఆయనకి ఆ వారం రెండో షిఫ్టు. ఇంట్లోనే ఉన్నాడు.”

“ఏటన్నాడు?”

“మా అమ్మాయి రాదండీ, పెళ్లి కుదిరింది అన్నాడు. ఎట్టీసినాడు. మరింక అరుగు మీద కూకున్నాడు. నాను ఇదేటి పని అంటే, అది ఎలిపోతే బండి సచ్చిపోతాది అన్నాడు.”

నా చేతులకు చింతపండు అంటుకుని ఉంది. వాటినే చూస్తూ కూర్చున్నాను. అప్పటికి నా పెళ్లి ఊసే లేదు. నాకు పెళ్లి కుదిరింది ఆ తర్వాత నాలుగేళ్లకు. ఇరవై ఏడేళ్లుగా నేను పనికిరాననుకున్నాను. ఆ షెడ్డులో వాల్వు గురించి చెప్పింది తప్పేమో, గొట్టం అడగడం మోటుగా అనిపించిందేమో, నా ఇంగ్లీషు బాలేదేమో అని ఎన్నిసార్లు ఆ పావుగంటను తిరగేసి చూసుకున్నానో లెక్కలేదు.

“నువ్వెందుకు సెప్పలేదు నాతోటి?” అన్నాను.

పెద్దమ్మ చేతిలోని పిక్క పక్కన పడేసింది. “నువ్వొచ్చే ఆదివారాలే ఆయన ఈ ఇంట్లో మనిషిలాగ ఉండీవోడు. నాతో కూడా రెండు మంచి మాటలు ఆ రోజే. మిగతా ఆరు రోజులు నీకు తెల్దు. నువ్వెలిపోతే నాకేటి మిగుల్తాది అనుకున్నాను.” చెంగుతో కళ్లు తుడుచుకోలేదు, క్షమించమనీ అడగలేదు. “ఆయనొక్కడే కాదు. నాను కూడా నా సుఖానికే ఊరుకున్నాను. సచ్చేముందు ఎవరికో ఒకరికి సెప్పాలి కదా.”

భోంచేసి వెళ్లమంది. నేను చేతులు కూడా కడుక్కోకుండా వచ్చేశాను. ఇంటికొచ్చాక స్కూటర్ హ్యాండిల్ మీద చింతపండు మరకలున్నాయి.

నెల రోజులు ఆ వీధి వైపు వెళ్లలేదు. కాగితాలు బీరువాలో నా చీరల కింద ఉన్నాయి. అమ్మెయ్యాలనుకున్నాను. ఏదో హోటలువాళ్లు గేటు దగ్గర బొమ్మలా నిలబెట్టుకుంటామని కబురు పంపారు కూడా. తుప్పు పట్టి కూలిపోనిద్దామనీ అనుకున్నాను. అది నిజంగా నాకు నచ్చిన ఆలోచన. కానీ వర్షాలు మొదలయ్యాయి, షెడ్డు రేకు ఒకచోట లేచిపోయిందని తెలిసింది. ఆ రేకు కింద నీళ్లు ఎక్కడ పడతాయో, అక్కడి నుంచి ఏ సందులోకి దిగుతాయో, లోపలి చెక్క చట్రం ఎక్కడ ముందు కుళ్లుతుందో నాకు కళ్లకు కట్టినట్టు తెలుసు. మూడు రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. నాలుగో రోజు లారీ మాట్లాడి బండిని ఆటోనగర్‌కు ఎక్కించాను. నా జాలి బండి మీదే, ఆయన మీద కాదని ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

ఆటోనగర్‌లో అప్పలరాజు అని ముసలి టింకరు. పెదనాన్నను బావా అని పిలిచే మనిషి. తన షెడ్డులో ఒక మూల ఇచ్చాడు. నాలుగు నెలల ఆదివారాలు పట్టింది. రేకు పని ఆయనది, ఇంజను నాది. మర బిగుసుకుంటే నేను కిరసనాయిలు పోసి ఆగలేదు, సుత్తి అందుకున్నాను. రెండు బోల్టులు విరిగిపోయాయి. అప్పలరాజు చూసి, “ఏటమ్మా, బావ సూత్తే ఊరుకుంతాడా?” అన్నాడు. నేను ఇంకో బోల్టు అందుకున్నాను. ఆయనే మళ్లీ మొదలుపెట్టాడు.

“బావ ఇక్కడికొచ్చినప్పుడల్లా నీ మాటే. ఆ గుంట నేకపోతే బండి నేదురా అనీవోడు. నాకంటే దాని సెయ్యి మంచిది అనీవోడు.”

“మీతో అన్నాడా?”

“నాతోనేటి, ఈ లైనంతా అన్నాడు.”

“నాతో అనలేదు,” అన్నాను.

ముసలాయన టీ తెప్పించాడు. ఆటోనగర్‌లో ప్రతి షెడ్డుకూ తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియకుండా ఆయన ఎంత జాగ్రత్తపడ్డాడో అనిపించింది. తెలిస్తే నేను నా విలువ కట్టుకుని వెళ్లిపోతానని భయపడి ఉంటాడు.

బండి సిద్ధమైన వారం, తెల్లవారాక ట్రాఫిక్ పెరగకముందే నేనొక్కదాన్నే బయలుదేరాను. నలభై ఏడేళ్ల వయసులో మొదటిసారి గేటు దాటించాను. ఊరు దాటి ఆనందపురం మీదుగా పద్మనాభం వైపు. వరిచేల మధ్య రోడ్డు బాగానే ఉంది. ఇన్నేళ్లు వీధి చివర నిలబడి విన్నదాన్ని లోపల కూర్చుని నడుపుతున్నాను, ఏదో జరుగుతుందని ఎదురుచూశాను. ఏమీ జరగలేదు. స్టీరింగు రాయిలా బరువు. ఇంజను వేడికి పాదాలు కాలిపోతున్నాయి. ప్రతి గతుకూ నడుముకు తగులుతోంది. బ్రేకు నొక్కితే ఆలోచించుకుని ఆగుతోంది. బైకుల మీద వెళ్లే కుర్రాళ్లు పక్కకొచ్చి ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. పద్మనాభం ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా చేను పక్కన ఆపి దిగాను. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూసి మళ్లీ ఒంగారు. బండి ఎండలో మెరుస్తోంది, అందంగానే ఉంది. దీని కోసమా అనుకున్నాను. గొప్పదై ఉంటే కొంత నయంగా ఉండేది. ఒక మామూలు పాత బండి, దాని మోజు తీరని ఒక మామూలు మనిషి. నా ఇరవై ఏడేళ్లు పోయింది ఇందుకే. వచ్చిన దారినే వెనక్కి తిప్పుకుని వచ్చేశాను.

ఇప్పుడది మా ఇంట్లో ఉంది. నెలకోసారి తీసి కొంత దూరం నడుపుతాను, నడపకపోతే పట్టేస్తుంది కాబట్టి. పెద్దమ్మను చూడటానికి వెళ్తాను, కూర్చుంటాను, పెదనాన్న మాట ఇద్దరమూ ఎత్తం. నా విద్యార్థులకు ఆయన నేర్పినదంతా నేర్పుతున్నాను. కళ్లు మూసుకుని తడమమంటాను, ఇనుమును అడగమంటాను. ఎవరు నేర్పారు మేడమ్ అని అడిగితే మా పెదనాన్న అనే చెబుతాను. ఆ మాట అబద్ధం కాదు, నేను దాన్ని దాచను.

పూణే వెళ్లి ఉంటే ఏమయ్యేదానివో అని తెలిసినవాళ్లు అంటుంటారు. నన్ను పట్టుకుని వదలనిది అది కాదు. ఆ రోజు ఫోను వచ్చిందని చెప్పి, అరుగు మీద కూర్చోబెట్టుకుని, నువ్వెలిపోతే ఈ బండిని చూసేవాళ్లు లేరు మణీ, ఉండిపోతావా అని ఆయన అడిగి ఉంటే నేనేమనేదాన్నో నాకు తెలుసు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు, ఆయనంటే ప్రాణం. ఉండిపోయేదాన్ని. ఆయన అడగలేదు.